మెలి ఎందుకు మాయం కాదు? సాలిటాన్ల వెనుక టోపాలజీ, జ్యామితి

దర్జీ సామాన్ల కొట్లో ఒక మీటరు ఎలాస్టిక్ పట్టీ, ఓ వంద పూసతల గుండుసూదులు కొంటే చాలు, సాలిటాన్‌ను, అంటే ఆకారం చెడకుండా ఒక ముద్దగా నిలిచి సాగే అలను లేదా మెలిని, ఇంట్లోనే చూడవచ్చు. పట్టీకి అడ్డంగా సెంటీమీటరుకొకటి చొప్పున సూదులు గుచ్చాలి. పూసలన్నీ ఒకే పక్కకు ఉండాలి. పట్టీని రెండు మేకుల మధ్య లాగి కడితే పూసల బరువుకు సూదులన్నీ కిందికి వేలాడతాయి. ఇప్పుడు ఒక చివర విప్పి, నిండుగా ఒక చుట్టు తిప్పి, మళ్ళీ అదే మేకుకు కట్టాలి. ఆ మెలి పట్టీ పొడవునా సమంగా పరుచుకుంటుందని అనుకుంటాం. అలా జరగదు. చాలా సూదులు మళ్ళీ కిందికే వాలిపోతాయి, మెలి మొత్తం కొద్ది సూదుల మధ్యే పోగుపడుతుంది. అక్కడ సూదులు ఒక్కొక్కటిగా పైకి లేస్తూ వస్తాయి, నడుమ ఒకటి నిట్టనిలువుగా నిలబడుతుంది, ఆ తర్వాతవి అవతలి పక్కగా దిగుతాయి. వేలితో నెడితే ఆ గుంపు ఆకారం చెడకుండా పట్టీ వెంట జరుగుతుంది. ఊపినా, తట్టినా పోదు. అది పోవాలంటే రెండే దారులు: చివర విప్పడం, లేదా ఎదురు దిశలో తిప్పిన ఇంకో మెలిని దాని మీదికి పంపడం.

ఒక్కో సూది నిలువు గీత నుంచి ఎంత కోణం తిరిగిందో రాసుకుంటూ పోతే, పట్టీ మీద ప్రతి చోటా ఒక సంఖ్య వస్తుంది. భౌతికశాస్త్రం క్షేత్రం అనేది దీన్నే. సూది హాయిగా వేలాడే స్థితికి కోణం సున్నా అనవచ్చు, 360 డిగ్రీలు అనవచ్చు, 720 అనవచ్చు. ఎడమ చివర సున్నా, కుడి చివర 360 అయితే మధ్యలో ఎక్కడో ఒక చోట ఆ ఎక్కుడు జరిగి తీరాలి. రెండు చివరల తేడాను 360తో భాగిస్తే వచ్చేది పూర్ణసంఖ్య. కదలికలు ఎంత చిన్నవైనా, ఎంత పెద్దవైనా, తెగనంత వరకు అవి కోణాన్ని కొద్దికొద్దిగానే మారుస్తాయి. పూర్ణసంఖ్య కొద్దికొద్దిగా మారలేదు. అందుకే మెలి నిలుస్తుంది. ఈ పట్టీ పాటించే సమీకరణానికి సైన్-గోర్డన్ అని పేరు, మెలికి కింక్ అని పేరు. స్ఫటికాల్లో అణువుల వరుస ఒక అడుగు తప్పడాన్ని వివరించడానికి ఫ్రెంకెల్, కొంతొరోవా 1930ల చివర్లో ఇదే గణితాన్ని వాడారు.

సాలిటాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మాత్రం ఈ మెలి కాదు, స్కాట్లండ్ కాలువ. 1834 ఆగస్టులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువలో పడవ ఉన్నట్టుండి ఆగినప్పుడు దాని ముందు నుంచి ఒక నున్నటి నీటి దిబ్బ లేచి ముందుకు సాగిపోయింది. జాన్ స్కాట్ రస్సెల్ గుర్రం మీద దాని వెంట పడ్డాడు. సుమారు 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగం. మైలు రెండు మైళ్లు వెళ్లాక కాలువ మలుపుల్లో అది కనుమరుగైంది. కొర్టెవెగ్, డి వ్రీస్ 1895లో దాని సమీకరణం రాశారు. జబూస్కీ, క్రుస్కాల్ 1965లో అలాంటి రెండు అలలను కంప్యూటర్‌లో ఢీకొట్టించి, అవి ఆకారం చెడకుండా బయటికి రావడం చూసి సాలిటాన్ అన్న పేరు పెట్టారు. ఆ అల నిలవడానికి కారణం వేరు. అల విచ్చుకుపోవాలని చూస్తుంది, నీటి లోతు తక్కువైన చోట ఎత్తైన భాగం వేగంగా పరుగెత్తి నిటారు కావాలని చూస్తుంది, రెండూ సరిపోతాయి. దాని ఎత్తును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయి సున్నా చేయడానికి గణితంలో అడ్డేమీ లేదు. కింక్‌ను అలా తగ్గించలేం, సగం మెలి అనేది ఉండదు కనుక. ఒకే పేరు ఈ రెండింటికీ అతుక్కోవడం వల్ల సామాన్య పాఠకుడికి జరిగిన నష్టం చిన్నది కాదు. ఒకటి తూకం మీద నిలిచేది, ఇంకోటి లెక్క మీద నిలిచేది. ఇక్కడ మాట్లాడుకునేది రెండో రకం గురించి.

పట్టీకి రెండు చివరలు. బల్ల లాంటి తలానికి చివర అంటే చుట్టూ ఉన్న అంచు, ఒక వలయం. ఆ వలయం మీద ప్రతి చోటా ఒక బాణం గుర్తు ఉందనుకుంటే, అంచు వెంట ఒకసారి తిరిగొచ్చేలోపు బాణం తన చుట్టూ తాను ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించవచ్చు. గాజుకు దారం చుట్టినట్లే, ఒక చుట్టు, రెండు చుట్లు అంటాం గానీ ఒకటింబావు చుట్టుతో దారం కొసలు కలవవు. ఇప్పుడు ఆ వలయాన్ని మెల్లగా లోపలికి కుదించాలి. చుట్ల సంఖ్య మారకూడదు. కానీ వలయం చివరికి ఒక చుక్కగా మారినప్పుడు, ఆ చుక్క దగ్గర బాణం ఏ దిక్కు చూపించాలి? అన్ని దిక్కులూ చూపించలేదు. కనుక ఆ చుక్క దగ్గర బాణం పొడవు సున్నా కావలసిందే. ఎక్కడో దూరంగా అంచు మీద పెట్టిన లెక్క, నడిబొడ్డున ఒక రంధ్రాన్ని తప్పనిసరి చేస్తుంది. ఈ వాదనలో ఒక్క సమీకరణం కూడా లేదు, అయినా ఇందులో తప్పించుకునే దారి లేదు. సాగదీసినా, వంచినా, తెగనంత వరకు మారని లెక్కలను చూసే గణితం టోపాలజీ, దాని బలమంతా ఇక్కడే తెలుస్తుంది.

విద్యుత్తు ఏ అడ్డూ లేకుండా పారే సూపర్‌కండక్టర్లలో అబ్రికొసోవ్ 1957లో వివరించిన సుడులు ఇవే. అక్కడ బాణం పొడవంటే సూపర్‌కండక్టివిటీ ఎంత ఉందో ఆ లెక్క. సుడి నడుమ సూపర్‌కండక్టివిటీ సున్నా, ఆ సన్నని గొట్టం గుండా అయస్కాంత ఫ్లక్స్ దూరి వెళుతుంది, అదీ ఒక్కో సుడికి కచ్చితంగా 2.07 × 10⁻¹⁵ వెబర్ల చొప్పున. బాణం పూర్తి చుట్లే తిరగాలన్న నియమమే ఫ్లక్స్‌ను ఇలా ముక్కలుగా కత్తిరిస్తుంది. 1967లో ఎస్‌మన్, ట్రాయిబుల్ అనే ఇద్దరు పరిశోధకులు సూపర్‌కండక్టర్ మీద సన్నని అయస్కాంత పొడి రాలేలా చేసి, సుడులు త్రిభుజాల వరుసలో కూర్చున్న తీరును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటో తీశారు.

ఇంతవరకు చదివితే పని పూర్తయినట్లే అనిపిస్తుంది: ఎక్కడ చుట్ల సంఖ్య ఉందో అక్కడ సాలిటాన్ ఉంటుందని. ఈ అభిప్రాయం తప్పు. మెలి విడిపోదని మాత్రమే టోపాలజీ హామీ ఇస్తుంది. ఆ మెలి చిక్కిపోయి చుక్కంత కాదని గానీ, విచ్చుకుని ఆకాశమంత కాదని గానీ అది చెప్పదు. పరిమాణం, శక్తి, కదలిక, ఇవన్నీ జ్యామితి చేతిలో ఉన్నాయి.

ఈ సంగతిని నిర్దాక్షిణ్యంగా బయటపెట్టింది 1964లో డెరిక్ చేసిన ఒక చిన్న లెక్క. అంతకు ముందే 1963లో హోబార్ట్ కూడా దీన్ని గమనించాడు. క్షేత్రం ఒక చోట గుట్టగా పోగుపడి ఉందనుకుందాం. దాని శక్తిలో రెండు భాగాలు. ఒకటి వాలు శక్తి: క్షేత్రం ఒక చోటి నుంచి పక్క చోటికి ఎంత వేగంగా మారితే అంత ఖర్చు, ఆ వాలుకు వర్గం చొప్పున. రెండోది స్థాన శక్తి: సూది కిందికి వేలాడకుండా పైకి లేచినందుకు ఖర్చు. ఇప్పుడు ఆ గుట్టను అన్ని వైపులా రెండింతలు సాగదీద్దాం. వాలు సగమవుతుంది, వర్గం నాలుగో వంతవుతుంది. పట్టీ మీదైతే పొడవు రెండింతలు, కనుక వాలు శక్తి సగానికి తగ్గుతుంది, స్థాన శక్తి రెట్టింపవుతుంది. ఒకటి పెద్దదవమంటుంది, ఇంకోటి చిన్నదవమంటుంది, మెలి మధ్యలో ఒక పొడవు దగ్గర స్థిరపడుతుంది. తలం మీదైతే వైశాల్యం నాలుగింతలు, నాలుగో వంతుతో అది కొట్టుకుపోయి వాలు శక్తి మారదు. స్థాన శక్తి మాత్రం నాలుగింతలవుతుంది. మనం బతికే త్రిమితీయ లోకంలో ఘనపరిమాణం ఎనిమిదింతలు: వాలు శక్తి రెండింతలు, స్థాన శక్తి ఎనిమిదింతలు. రెండూ చిన్నదవమనే అంటున్నాయి. అడ్డుకునేవాళ్లు లేరు. చుట్ల సంఖ్య ఎంతున్నా సరే, గుట్ట కుంచించుకుపోయి చుక్కలో కలిసిపోతుంది.

కాబట్టి మూడు డైమెన్షన్లలో స్థిరంగా నిలిచే సాలిటాన్ కావాలంటే, కుంచించుకుపోవడాన్ని అడ్డుకునే మూడో శక్తి ఒకటి ఉండాలి. బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త టోనీ స్కర్మ్ చేసిన పని ఇదే. డెరిక్ లెక్క రాకముందే, 1961, 1962ల్లో చేశాడు.

స్కర్మ్ ఆలోచన మూలం ఇంకా వెనక్కి పోతుంది. 1867లో కెల్విన్, పొగ వలయాలు ఒకదాన్నొకటి ఢీకొట్టి చెక్కుచెదరకుండా వెనక్కి రావడం చూసి, అణువులంటే, అంతరిక్షమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న ఈథర్‌లో ముడులు పడ్డ సుడులేనని ప్రతిపాదించాడు. మూలకాలు అన్ని రకాలెందుకున్నాయంటే, ముడులు అన్ని రకాలున్నాయి గనుక. ఈథర్ లేదని తేలాక ఆ సిద్ధాంతం పోయింది. స్కర్మ్‌కు కెల్విన్‌తో ఇంటి సంబంధం ఒకటుంది. అతని ముత్తాత ఎడ్వర్డ్ రాబర్ట్స్ కెల్విన్ పద్ధతిలో ఆటుపోట్లను లెక్కగట్టే యంత్రాల మీద పనిచేశాడు, 1879లో భారతదేశపు రేవుల కోసం తయారైన యంత్రం అతని చేతి మీదుగా వచ్చిందే. పళ్ల చక్రాలు, కప్పీలతో సముద్రాన్ని లెక్కించే ఆ నైపుణ్యం తన మీద ముద్ర వేసిందని స్కర్మ్ చెప్పుకున్నాడు.

అణుకేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లను పట్టి ఉంచే పయాన్ అనే కణాల క్షేత్రమే అసలు సరుకు అనీ, ప్రోటాను ఆ క్షేత్రంలో పడ్డ మెలి అనీ స్కర్మ్ అన్నాడు. పయాన్ క్షేత్రం విలువలు త్రిమితీయ గోళం (మామూలు బంతి ఉపరితలానికి రెండు డైమెన్షన్లుంటే, దీని ఉపరితలానికి మూడు) మీద బిందువులు. అంతరిక్షంలో అనంత దూరాన క్షేత్రం ఎటు చూసినా ఒకే విలువ దగ్గర ఆగాలి గనుక, గణితం దృష్టిలో అంతరిక్షం కూడా కొసలు ముడేసిన త్రిమితీయ గోళమే అవుతుంది. ఒక గోళాన్ని ఇంకో గోళం మీద ఎన్నిసార్లు చుట్టవచ్చు? మళ్ళీ పూర్ణసంఖ్యే. ఆ పూర్ణసంఖ్యే బేర్యాన్ల సంఖ్య, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. ప్రోటాను విచ్ఛిన్నమైపోవడం ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ కనబడలేదన్నది గుర్తుంచుకుంటే ఈ ఆలోచన ఎంత సాహసమో తెలుస్తుంది. కుంచించుకుపోకుండా ఆపడానికి స్కర్మ్ వాలు నాలుగో ఘాతంతో పెరిగే పదాన్ని చేర్చాడు. రెండింతలు సాగదీస్తే అది పదహారో వంతవుతుంది, ఘనపరిమాణం ఎనిమిదింతలు, మొత్తం మీద సగం. పట్టీ మీద వాలు శక్తి చేసిన పనిని మూడు డైమెన్షన్లలో ఈ పదం చేస్తుంది.

దాదాపు ఇరవై ఏళ్లు దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1980ల మొదట్లో సిరక్యూస్‌లో బాలచంద్రన్, నాయర్, రాజీవ్, స్టెర్న్, ప్రిన్స్‌టన్‌లో విట్టెన్ దీన్ని ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి కణాలైన క్వార్కుల సిద్ధాంతంతో ముడిపెట్టారు. 1983లో ఆడ్కిన్స్, నప్పి, విట్టెన్ వేసిన లెక్కల్లో ప్రోటాన్, న్యూట్రాన్ల లక్షణాలు సుమారు 30 శాతం తేడాలోపు సరిపోయాయి. క్వార్క్ అన్న మాటే లేకుండా రాసిన సిద్ధాంతానికి ఇది చాలా పెద్ద ఫలితం.

శక్తి ఎంత ఉండాలన్న ప్రశ్నకు జ్యామితి ఇచ్చే జవాబు మరీ అందమైనది. దీనికి కావలసింది హైస్కూల్ బీజగణితం. ఎ వర్గం, బి వర్గాల మొత్తాన్ని ఎ మైనస్ బి మొత్తానికి వర్గం, దానికి రెండు ఎబి కలిపి అని రాయవచ్చు. పట్టీ మెలిలో వాలు ఎ, స్థాన శక్తి నుంచి వచ్చే పదం బి. శక్తి ఈ రెండు వర్గాల మొత్తంలో సగం. వర్గం ఎప్పుడూ సున్నాకు తగ్గదు. కనుక శక్తి కనీసం ఎబి పదమంత ఉండాలి. ఆ పదాన్ని పట్టీ అంతటా కూడితే, లోపలి వివరాలన్నీ ఎగిరిపోయి రెండు చివరల విలువలు మాత్రమే మిగులుతాయి. తగిన ప్రమాణాల్లో లెక్కిస్తే కచ్చితంగా 8 వస్తుంది. ఒక మెలికి 8. మెలి ఆకారం ఎలా ఉన్నా దానికి తక్కువ కుదరదు. సరిగ్గా 8 కావాలంటే ఎ, బి సమానం కావాలి, అప్పుడు రెండో తరగతి అవకలన సమీకరణం బదులు సులువైన మొదటి తరగతి సమీకరణం చేతికొస్తుంది. 1976లో బొగొమోల్నీ ఈ ఎత్తుగడ సుడులకు, అయస్కాంత ఏకధ్రువాలకు (ఉత్తరమో దక్షిణమో ఒకే ధ్రువం ఉన్న, సిద్ధాంతంలోని కణాలకు) కూడా పనిచేస్తుందని చూపించాడు. అంతకు ముందు ఏడాదే ఎం.కె. ప్రసాద్, చార్లెస్ సోమర్‌ఫీల్డ్ ఏకధ్రువానికి కచ్చితమైన పరిష్కారం కనుక్కున్నారు. అందుకే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దీన్ని బీపీఎస్ అంటారు.

స్కర్మ్ సిద్ధాంతానికీ ఇలాంటి కనీస హద్దు ఉంది. కానీ ఒక చుట్టు ఉన్న స్కర్మియాన్ (ఆ సిద్ధాంతంలోని మెలి) శక్తి ఆ హద్దు కన్నా సుమారు 23 శాతం ఎక్కువ, ఎంత ప్రయత్నించినా హద్దును అందుకోదు. కారణం పూర్తిగా జ్యామితీయం. హద్దు అందాలంటే అంతరిక్షాన్ని ఎక్కడా సాగదీయకుండా, నలపకుండా గోళం మీదికి చుట్టాలి. అంతరిక్షం చదును, గోళానికి వంపు ఉంది. బంతికి కాగితం చుట్టబోతే మడతలు పడ్డట్టే, ఆ 23 శాతం చదునుకూ వంపుకూ పొత్తు కుదరక కట్టే మూల్యం. ఇది కేవలం పోలిక కాదు. 1986లో మాంటన్, రూబాక్ అంతరిక్షమే తగిన వ్యాసార్ధం ఉన్న గోళమైతే హద్దు కచ్చితంగా అందుతుందని చూపించారు. చుట్ల సంఖ్య పెరిగే కొద్దీ ఆకారాలు ఇంకా విచిత్రం: రెండైతే గారెలా మధ్యలో చిల్లు, నాలుగైతే ఘనం, ఏడైతే పన్నెండు పంచభుజాల బొమ్మ, పదిహేడైతే ఫుట్‌బాల్ కుట్ల నమూనా. ఏ సంఖ్య సాధ్యమో టోపాలజీ చెప్పింది. ఆ సంఖ్యకు ఏ ముఖం ఉంటుందో చెప్పడం దాని వల్ల కాదు.

మెలికీ వంపుకీ ఉన్న సంబంధం సాలిటాన్ అన్న మాట పుట్టడానికి నూరేళ్ల ముందే, 1862లో ఎడ్మండ్ బూర్ చేతిలో బయటపడింది. గుర్రపు జీను లాంటి ఉపరితలం మీద ప్రతి బిందువు దగ్గర వంపు లేని దిశలు రెండుంటాయి. వంపు అంతటా ఒకే రుణ సంఖ్య అయితే, ఆ రెండు దిశల మధ్య కోణం పాటించే సమీకరణం సరిగ్గా సైన్-గోర్డనే. నిలకడగా ఉన్న ఒక కింక్‌కు జత పడే ఉపరితలం సూడోస్ఫియర్: రెండు సన్నాయి గొట్టాలను వెడల్పు నోళ్ల దగ్గర అతికించినట్లుంటుంది. అతికిన చోట పదునైన అంచు ఉంటుంది, అక్కడ కోణం 180 డిగ్రీలు. అంటే పట్టీలో నిట్టనిలువుగా నిలబడ్డ ఆ నడిమి సూది! ఇలాంటి ఉపరితలాన్ని మన అంతరిక్షంలో అంచులు, చీలికలు లేకుండా పూర్తిగా గీయడం అసాధ్యమని 1901లో హిల్బర్ట్ రుజువు చేశాడు. జ్యామితి లోపంగా లెక్కవేసిన ఆ అంచు మీదే సాలిటాన్ కూర్చుని ఉంది. ఒక ఉపరితలం నుంచి ఇంకో ఉపరితలాన్ని పుట్టించడానికి 1880లలో బ్యాక్‌లండ్ చెప్పిన పద్ధతితోనే ఈనాటికీ ఒక మెలి ఉన్న పరిష్కారం నుంచి రెండు మెలికలున్న దాన్ని రాబడుతున్నారు.

ఇక కదలిక. బీపీఎస్ సుడులు, అంటే శక్తి సరిగ్గా కనీస హద్దు దగ్గరున్న సుడులు, కదలకుండా ఉన్నంతసేపు ఒకదాన్నొకటి లాగవు, నెట్టవు. ఎన్ని సుడులనైనా తలం మీద ఎక్కడైనా పెట్టవచ్చని 1980లో టౌబ్స్ రుజువు చేశాడు. అలా పెట్టగల అన్ని అమరికలనూ ఒక చోట చేర్చితే అదే ఒక కొత్త ఉపరితలం, దానికీ వంపుంటుంది. సుడులు నెమ్మదిగా కదలడమంటే ఆ ఉపరితలం మీద అతి దగ్గరి దారిలో నడవడమేనని మాంటన్ 1982లో ఏకధ్రువాల గురించి చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. రెండు సుడులను ఎదురెదురుగా సూటిగా పంపితే అవి వెనక్కి తిరగవు, ఒకదాన్నొకటి దాటిపోవు. లంబకోణంలో పక్కలకు చెదిరిపోతాయి. ఇందులో ఏ బలమూ లేదు. రెండు సుడులూ అచ్చం ఒకేలా ఉంటాయి, ఏది ఏదో పేరు పెట్టలేం. ఒకటి మధ్య బిందువుకు కుడి పక్కన, ఇంకోటి అంతే దూరంలో ఎడమ పక్కన ఉంటే, ఆ అమరికను గుర్తించే సరైన సంఖ్య ఆ దూరం కాదు, దూరానికి వర్గం. సుడులు దగ్గరైతే ఆ వర్గం తగ్గుతూ సున్నాకు చేరి, అదే నున్నటి నడకలో సున్నా దాటి రుణ సంఖ్యల్లోకి వెళుతుంది. రుణ సంఖ్యకు వర్గమూలం ఊహా సంఖ్య, తలం మీద ఊహా సంఖ్యల అక్షం నిలువుగా ఉంటుంది. అడ్డంగా వచ్చినవి నిలువుగా వెళ్లిపోతాయి. ఇంత తక్కువ మాటల్లో ఇంత విచిత్రమైన ఢీకొనడాన్ని తేల్చగల వాదన భౌతికశాస్త్రంలో అరుదు.

కాగితం మీది ఈ లెక్కలు అయస్కాంత పదార్థాల్లో కళ్లెదుటికి వచ్చాయి. తలం మీద వాలు శక్తి పరిమాణాన్ని పట్టించుకోదన్న డెరిక్ లెక్క గుర్తుంటే, అక్కడా ఇంకో శక్తి సాయం కావాలని తెలుస్తుంది. కొన్ని స్ఫటికాల్లో పక్కపక్క అణువుల అయస్కాంత బాణాలు కొంచెం వంకరగా నిలబడటానికి ఇష్టపడతాయి. ఈ శక్తి రుణాత్మకం, పరిమాణంతో పాటు పెరుగుతుంది. బయటి అయస్కాంత క్షేత్రం ఖర్చు పరిమాణపు వర్గంతో పెరుగుతుంది. రెండూ కలిసి మెలికి ఒక సైజు ఖరారు చేస్తాయి. బొగ్దానోవ్, యాబ్లోన్‌స్కీ 1989లో దీన్ని ఊహించారు. 2009లో మాంగనీస్ సిలిసైడ్‌లో, 29 కెల్విన్‌లకు కాస్త దిగువన, న్యూట్రాన్ కిరణాలతో ఈ మెలికల షడ్భుజాల అల్లిక కనబడింది. 2010లో ఇనుము-కోబాల్ట్-సిలికాన్ పలచని పొరలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాటిని ఒక్కొక్కటిగా చూపించింది. మాంగనీస్ సిలిసైడ్‌లో ఒక్కోటి 20 నానోమీటర్లకు కాస్త తక్కువ. వాటిని తక్కువ కరెంటుతోనే జరపవచ్చు, అందుకే మెమరీ పరికరాలకు పనికొస్తాయన్న ఆశ.

అయితే ఈ పరికరాల గురించి రాసేటప్పుడు టోపాలజీ రక్షణ అన్న మాటను అభేద్యమన్నట్లు వాడటం సరికాదు. పూర్ణసంఖ్య మారదన్న వాదన క్షేత్రం ఎక్కడా తెగకుండా ఉంటేనే చెల్లుతుంది. స్ఫటికంలో ఉన్నది అఖండమైన క్షేత్రం కాదు, విడివిడి అణువులు. గుండుసూదుల పట్టీ కూడా అంతే: సూదులను బాగా ఎడంగా గుచ్చి, పట్టీని వదులుగా కడితే, మెలిలో పక్కపక్క సూదుల మధ్య తేడా సగం చుట్టుకు దగ్గరపడుతుంది. అప్పుడు సూది ఎటు తిరిగి అక్కడికొచ్చిందో చూసినవాళ్లు చెప్పలేరు. స్ఫటికంలోని మెలి అణువంత సైజుకు చిక్కిపోతే ఒక శక్తి గట్టు దాటి మాయమవుతుంది, ఆ గట్టు ఎత్తు అనంతం కాదు. 2013లో ఇనుము-కోబాల్ట్-సిలికాన్ స్ఫటికం ఉపరితలాన్ని అయస్కాంత సూదితో తడుముతూ, క్షేత్రాన్ని తగ్గిస్తూ పోయిన ప్రయోగంలో మెలికలు ఎలా విడిపోతాయో కనబడింది. పక్కపక్కనున్న రెండు గొట్టాలు ఒక చోట అతుక్కుంటాయి. అతికిన చోట అయస్కాంతత్వం సున్నా అయ్యే ఒకే ఒక్క చుక్క ఉంటుంది. ఆ చుక్క గొట్టాల వెంట స్ఫటికం లోపలికి జారుతూ పోతుంటే, దాని వెనుక రెండు గొట్టాలు జిప్పు లాగినట్టు ఒక్కటవుతూ వస్తాయి.